పంతులుగారి ఫుట్‌బాల్ – రహీం సాహెబ్ జీవితం

మన పల్నాటి వైపు ఆటంటే కబడ్డీ, లేకుంటే వాలీబాల్. చిలకలూరిపేటలో కూర్చుని ఫుట్‌బాల్ గురించి రాయడమేమిటని సోదర పెన్షనర్లు కొందరు అనుకోవచ్చును. కాని శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీం గారు మనలాగే నెల జీతం మీద సంసారం నడిపిన మనిషి. అందుచేత ఆయన జీవితం ఈ ప్రత్యేక సంచికలో ఉండదగినదేనని నా అభిప్రాయం.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు, విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన బడులలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. పగలు పాఠాలు, సాయంత్రం మైదానం. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు.

1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కార్యదర్శి పని అంటే ఏమిటో కచేరీలలో జీవితం గడిపిన మనకు వేరే చెప్పనక్కరలేదు. లెక్కలు చూడాలి, ఉత్తరాలు రాయాలి, తగవులు తీర్చాలి. పేరు మాత్రం ఇంకొకరిది. ఆయన ఆ బాధ్యతను చనిపోయేదాకా, సుమారు 20 ఏళ్ళు మోశారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. ఆయన పద్ధతి అచ్చం బడిపంతులు పద్ధతి. కుడికాలి వాటం పిల్లలకు ఎడమకాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కరే అట్టిపెట్టుకోకుండా వెంటనే పక్కవారికి అందించే ఆట నేర్పేవారు.

దేశపు జట్టు ఆయన చేతికి వచ్చాక 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. మనవారు పలువురు ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడారు. ఆ తర్వాత మన జట్టులో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంతటి పరాభవం తర్వాత ఎవరైనా తప్పుకునేవారే. రహీం గారు తిరిగి పలకా బలపం పట్టినట్లు మొదటినుండి దిద్దుకున్నారు. 1956లో మెల్బోర్న్‌లో మనవారు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరారు, నాలుగో స్థానంలో నిలిచారు. సికింద్రాబాద్ కుర్రవాడు తులసీదాస్ బలరాంను చేరదీసి పైకి తెచ్చినదీ ఈయనే.

ఇక 1962 జకార్తా సంగతి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేసియా రానివ్వలేదు. భారత ప్రతినిధి సోంధీ గారు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మనవారిపై మండిపడ్డారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. పిమ్మట థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను దాటుకుని ఫైనల్లో మళ్ళీ ఆ కొరియాకే ఎదురుపడ్డాం. డిఫెన్స్ ఆటగాడు జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని ముందువరుసకు మార్చారు. సెప్టెంబరు 4న, వేలాది జనం గేలిచేస్తుండగా, పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో స్వర్ణం మనదయింది.

ఆ తర్వాత 9 నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కాన్సర్‌తో రహీం గారు కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్ళు. మనలా పింఛను తీసుకుని మనుమలను ఆడించే వయసు ఆయనకు దక్కలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. కుమారుడు హకీం కూడా 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు.

ఆ జకార్తా స్వర్ణం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు 1970 కాంస్యం ఒక్కటే వచ్చింది. 2024లో ఆయన కథను హిందీలో సినిమాగా తీశాక పిల్లలకు కొంత తెలిసింది. మిగతాది పెద్దలమైన మనం చెప్పాలి. సెలవులకు మనుమలు వచ్చినప్పుడు ఈ బడిపంతులు కథ ఒక్కసారి చెప్పవలసినదిగా సోదర పెన్షనర్లను కోరుతున్నాను.