ఫారడే మహాశయుఁడు

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరమున ఇంగ్లండులో నొక పేద కమ్మరి యింట జన్మించెను. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమునఁ బని నేర్చుకొనుచు, అచటికి వచ్చిన గ్రంథములనే చదివి శాస్త్రజ్ఞుఁడయ్యెను. ఆయన విద్యుత్పరిశోధనములు మన బాలు రెఱిఁగినవే. మేము చెప్పఁదలఁచినది నెత్తుటి ముచ్చట.

1845లో నాయన నెత్తురును గొప్ప అయస్కాంతపు ధ్రువముల నడుమ నుంచి చూచెను. అందు ఇనుమున్నను ఆకర్షణము కానరాలేదు! కమ్మరిబిడ్డకు ఇనుము నడత తెలియనిదా? అయినను ఊహలతోఁ గప్పిపుచ్చక, చూచినది చూచినట్లు ప్రకటించెను. కారణ మెఱుఁగకయే 1867లో దివంగతుఁడయ్యెను.

1936లో అమెరికాలో పౌలింగు, కోరియెల్ అనువారు ఆ చిక్కు విప్పిరి. ప్రాణవాయువుతోఁ గూడిన నెత్తుటి యినుమునందు ఎలక్ట్రానులన్నియు జంటలై యుండును. గనుక అయస్కాంతము లాగదు. ఆ వాయువు వీడఁగనే పరమాణువునకు నాలుగేసి యొంటరివగును, అప్పుడు లాగును. వేఁడిమికిఁ గొన్ని యినుప సమ్మేళనము లిట్లే మాఱునని 1931లోను, వెలుతురునకు మాఱునని 1984లోను దెలిసినది.