అణువుల పక్షాన నిలిచిన బోల్ట్జ్‌మన్

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫైళ్లతోనే సరిపోయి సైన్సు పుస్తకాలు ముట్టుకోలేదు. రిటైరయ్యాక మనుమరాలికి ఘన, ద్రవ, వాయు పదార్థాల పాఠం చెప్పబోయి, లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ అనే మహనీయుని జీవితం తెలుసుకున్నాను. ఆయన తండ్రిగారు కూడా పన్నుల శాఖలో ప్రభుత్వోద్యోగి అని తెలిసి మరింత ఆసక్తి కలిగింది.

బోల్ట్జ్‌మన్ 1844 ఫిబ్రవరి 20న ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో జన్మించారు. పదిహేనవ ఏట తండ్రిని పోగొట్టుకున్నారు. అయినా చదువు ఆగలేదు. 1866లో డాక్టరేటు పొంది, 1869లో, పాతికేళ్ల వయసుకే గ్రాజ్ నగరంలో ప్రొఫెసరయ్యారు. అక్కడ హెన్రియెట్ అనే యువతి విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు వినడానికి అనుమతి దొరకక ఇబ్బంది పడుతుంటే, పై అధికారులకు అర్జీ పెట్టుకోమని సలహా ఇచ్చారు. 1876లో ఆమెనే వివాహమాడారు.

ఇక ఆయన సిద్ధాంతం. పదార్థమంతా కంటికి కనబడని అణువుల మయమనీ, అవి నిరంతరం కదులుతుంటాయనీ, ఆ కదలికే మనకు వేడిగా తెలుస్తుందనీ ఆయన వాదన. మంచుగడ్డలో అణువులు సభలో కుర్చీలలో కూర్చున్నవారిలా తమ చోట ఉండే అటూ ఇటూ ఊగుతాయి. నీటిలో తిరునాళ్ల జనంలా ఒకదానినొకటి రాసుకుంటూ చోటు మారుతాయి. ఆవిరిలో దూరదూరంగా విడిపోయి ఇష్టం వచ్చినట్లు పరుగెత్తుతాయి. కుక్కరులోని పీడనం ఆ అణువులు గోడలను ఎడతెరిపి లేకుండా కొట్టడం వల్ల వచ్చినదే.

అయితే అన్ని అణువులదీ ఒకే వేగం కాదు. ఇంగ్లండులో పనిచేసిన మాక్స్‌వెల్ 1860లో వేగాల పంపిణీకి లెక్క కట్టగా, బోల్ట్జ్‌మన్ దానిని విస్తరించి గట్టి పునాది వేశారు. మన మట్టికుండ సంగతే చూడండి. కుండ పైకి ఊరిన నీటిలోంచి బాగా వేగం ఉన్న అణువులే ముందుగా తప్పించుకుపోతాయి. మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. అందుకే నీరు చల్లబడుతుంది. గాలిలో అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగెత్తినా, అడుగడుగునా ఒకదానికొకటి ఢీకొని దారి మళ్లుతుంటాయి. కాబట్టే దేవుడి గదిలోని అగరొత్తి వాసన వీధి గుమ్మం చేరడానికి అంతసేపు పడుతుంది.

ఈనాడు బడిపిల్లలు చదివే ఈ విషయాన్ని ఆనాటి పెద్దలు ఒప్పుకోలేదు. చూడని వస్తువును నమ్మేదెలా అన్నది మాఖ్ పండితుని పట్టు. అణువులు అక్కరలేదు, శక్తి ఒక్కటి చాలునని ఆస్ట్‌వాల్డ్ వాదించారు. 1895లో లూబెక్ సభలో బోల్ట్జ్‌మన్ వారి పక్షాన్ని గట్టిగా ఎదుర్కొన్నారు. కాని ఏళ్ల తరబడి వాదించి అలసిపోయారు. చూపు మందగించింది, ఉబ్బసం బాధించింది. అంతకుముందే, 1889లో, పెద్దకొడుకు కన్నుమూశాడు. ఒకనాడు ఉల్లాసం, మరునాడు తీరని దిగులు, ఇదీ ఆయన మనఃస్థితి. 1906 సెప్టెంబరు 5న, కుటుంబంతో విశ్రాంతికి వెళ్లిన డుయినో గ్రామంలో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి 62 ఏళ్లు.

విచారకరమైన సంగతేమంటే, విజయం అప్పటికే గుమ్మం దాకా వచ్చింది. నీటిలోని సన్నని నలుసులు అణువుల తాకిడికే అల్లల్లాడతాయని ఐన్‌స్టీన్ 1905లోనే లెక్క చూపారు. ఫ్రాన్సులో పెరాన్ 1908 నుండి ప్రయోగాలు చేసి దానిని రుజువు చేశారు. 1909 నాటికి ఆస్ట్‌వాల్డ్ సైతం అణువులను అంగీకరించారు. 1926లో పెరాన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వియన్నాలో బోల్ట్జ్‌మన్ సమాధిపై ఆయన పేరిట ప్రసిద్ధమైన సమీకరణం చెక్కారు. 2019 నుండి ఉష్ణోగ్రత కొలమానమైన కెల్విన్‌ను ఆయన పేరుగల స్థిరాంకం ఆధారంగానే నిర్వచిస్తున్నారు.

మన వయసులో దిగులు అందరికీ వస్తూ పోతూ ఉంటుంది. దానిని మనసులోనే దాచుకోక ఇంట్లోవారికో, మిత్రులకో, డాక్టరుకో చెప్పుకుందాం. ఇంట్లోవారు కూడా పెద్దల మౌనాన్ని తేలికగా తీసుకోరాదు. బోల్ట్జ్‌మన్ మరి మూడేళ్లు బతికి ఉంటే, తాను నిజమేనని లోకం ఒప్పుకోవడం కళ్లారా చూసేవారు.