కొరత నెఱిగిన మేధావి: మైకేల్ ఫారడే

నేడు విద్యుచ్ఛక్తితో పల్లెలలో దీపములు వెలుగుచున్నవి, పొలములకు నీరు పారుచున్నది. ఆ శక్తిని పుట్టించు యంత్రమునకు మూలసూత్రమును కనుగొన్న మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరము చెంత ఒక కమ్మరి యింట జన్మించెను. ఆయన బడిచదువు చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలతో ముగిసెను. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున చేరి, కుట్టుటకు వచ్చిన పుస్తకములనే తీరిక వేళల చదువుకొనెను. 1812లో డేవీ పండితుని ఉపన్యాసములు విని, వ్రాసికొన్న విషయములను తానే పుస్తకముగా కట్టి ఆయనకు పంపెను. మరుసటి యేట రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడయ్యెను.

ఆయనకు రెండు కొరతలుండెను. ఉన్నత గణితము రాదు. జ్ఞాపకశక్తి నమ్మదగినది కాదు. వీనిని ఆయన దాచుకొనక, తగిన యుపాయములు వెదకుకొనెను. మరపునకు మందుగా ప్రతి ప్రయోగమును తేదీ వేసి వ్రాసెను. 1832 మొదలు వరుససంఖ్యలు కూడ ఇచ్చెను. ఆ సంఖ్యలు 16,000 దాటినవి. సమీకరణములకు బదులు, అయస్కాంతము చుట్టు ఇనుపరజను తీర్చు రేఖలను మనస్సున నిలుపుకొని యోచించెను. మాక్స్‌వెల్ అను యువపండితుడు ఆ రేఖలకు గణితరూప మొసగగా, ఫలితములను వాడుకమాటలలో తెలుప వీలగునా యని 1857లో ఉత్తరము వ్రాసి యడిగెను. ఆ యువకుడు తనకంటె నలువది యేండ్లు చిన్నవాడు. అప్పటికే ఎంతో కీర్తి గడించియు, అడిగి తెలిసికొనుటకు ఫారడే సిగ్గుపడలేదు.

అయస్కాంతమునుండి విద్యుత్తును రాబట్టవలెనని ఆయన పలుమారులు యత్నించి విఫలుడయ్యెను. 1831 ఆగష్టు 29న ఇనుపకడియమునకు రెండు తీగచుట్లు చుట్టి చూచెను. మొదటి చుట్టలో విద్యుత్తు పాఱ మొదలిడినప్పుడును, ఆగినప్పుడును మాత్రమే రెండవ తీగ చెంతనున్న సూచి కదలెను. రహస్యము నిలుకడలో గాక మార్పులో నున్నదని బోధపడెను.

దూరదర్శినులకై మేలైన గాజు చేయుటకు ఆయన కొన్ని యేండ్లు శ్రమించెను గాని, ఆశించిన ఫలము దక్కలేదు. 1840 ప్రాంతమున ఆరోగ్యము చెడి, మరపు హెచ్చగా పరిశోధనలకు విరామమిచ్చి విశ్రాంతి గైకొనెను. మరల పని మొదలిడిన పిదప, 1845లో అయస్కాంతశక్తికిని కాంతికిని గల సంబంధమును చూపినది, మూలబడియున్న ఆ బరువైన గాజుముక్కయే. 1849లో గురుత్వాకర్షణకును విద్యుత్తునకును సంబంధము కలదేమో యని పరీక్షించెను. ఏమియు కానరాలేదు. కానరాలేదన్న మాటనే లోకమునకు తెలియునట్లు 1851లో అచ్చు వేయించెను.

శక్తులు సన్నగిల్లగా 1862లో తుది శుక్రవారపు ఉపన్యాసమిచ్చి విరమించి, 1867 ఆగష్టు 25న ఫారడే కన్ను మూసెను.

జమ మాత్రమే వ్రాసి ఖర్చు దాచిన చిట్టా చిట్టా కాదు. ఫలించిన పనిని, ఫలింపని పనిని ఆయన ఒకే వరుసలో వ్రాసికొనెను. పని చెడిన దినమున సయితము తేదీ వేసి, జరిగినది జరిగినట్లు వ్రాసి, మరునాడు మరల మొదలిడుటయే, గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలకు ఆయన జీవితము నేర్పు పాఠము.