ఊరవతలి మనుషులకు దగ్గరైన డాక్టరమ్మ

హాలియా నుంచి హైదరాబాద్ మీదుగా నిజామాబాద్ వెళ్లే పని మీకెప్పుడైనా పడితే, నిజామాబాద్ ఇంకా కొద్ది దూరం ఉందనగా డిచ్‌పల్లి వస్తుంది. చాలామందికి అదొక రైల్వే స్టేషన్, హైవే పక్కన ఒక ఊరు. కానీ వందేళ్ల క్రితం ఆ పేరు వింటే కొందరికి ప్రాణం లేచి వచ్చేది. వాళ్లు కుష్ఠు రోగులు. అక్కడ తమను ముట్టుకుని వైద్యం చేసే ఒక డాక్టరమ్మ ఉందని వాళ్లకు తెలుసు. ఆమె పేరు ఇసబెల్ కెర్.

స్కాట్లండ్ నుంచి ఇందూరుకు

ఇసబెల్ 1875లో స్కాట్లండ్ ఉత్తర ప్రాంతంలో ఒక రైతు ఇంట పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకు తలుపులు తెరిచి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ రోజుల్లో ఆమె అబర్డీన్‌లో వైద్యం చదివి, 1903లో పట్టా అందుకుంది. అదే ఏడాది జార్జ్ కెర్‌ను పెళ్లాడింది. ఆయన వడ్రంగి పని తెలిసినవాడు, తర్వాత మిషనరీ అయ్యాడు. 1907లో ఆ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. మన నల్గొండ జిల్లా కూడా అప్పుడు ఆ సంస్థానంలోనిదే.

సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకుంటే హాయిగా గడిచిపోయే చదువు ఆమెది. ఇక్కడ భాష కొత్త, ఎండ కొత్త, తిండి కొత్త. వచ్చాక కూడా జ్వరాలు, కాన్పులు, పుండ్లు చూసుకుంటూ ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆమె చూపు ఆసుపత్రి గడప దాకా రాలేని వాళ్ల మీద పడింది. ఇందూరు, అంటే నేటి నిజామాబాద్ చుట్టుపక్కల కుష్ఠు రోగులకు సరైన చికిత్స దొరికే చోటే లేదు.

రోగం ఒకటి, ఒంటరితనం ఇంకొకటి

అప్పట్లో దాన్ని పేరు పెట్టి పిలవడానికి కూడా భయపడేవారు. పెద్దరోగం అనేవారు. ఆ మచ్చ బయటపడితే ఇంట్లో కంచం వేరయ్యేది, మంచం వేరయ్యేది, చివరికి మనిషే ఊరవతలికి వెళ్లాల్సి వచ్చేది. పెళ్లాం పిల్లలు ఉండీ లేనట్టే. పూర్వజన్మ పాపమని కొందరు, వంశంలో వస్తుందని ఇంకొందరు అనేవారు.

నిజానికి అది ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దాన్ని గుర్తించాడు. అది చర్మాన్ని, నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ పోయిన చేతికి పొయ్యి సెగ తెలియదు, పాదానికి ముల్లు తెలియదు. అలా గాయాలు పుండ్లై వేళ్లు పోతాయి. సూక్ష్మజీవి సంగతి పుస్తకాల్లోకి ఎక్కినా, జనం మనసులోకి దిగడానికి చాలా కాలం పట్టింది.

ఇసబెల్ క్రైస్తవ విశ్వాసం గల మనిషి. ఎవరూ తాకని కుష్ఠు రోగిని ఏసు చెయ్యి చాచి తాకిన ఘట్టం సువార్తల్లో ఉంది. ఆమె దాన్ని చదివి ఊరుకోలేదు. 1911 ప్రాంతంలో నిజామాబాద్‌లో కెర్ దంపతులు కుష్ఠు రోగుల కోసం చిన్నగా పని మొదలుపెట్టారు. చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత విరివిగా డబ్బు ఇచ్చాడు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. ముస్లిం పాలకుడి రాజ్యంలో, హిందూ దాత సొమ్ముతో, క్రైస్తవ దంపతులు నడిపిన ఆసుపత్రి అది. లోపలికి వచ్చే రోగిని మాత్రం అడగాల్సింది ఒకటే: ఎన్నాళ్ల నుంచి బాధ?

ఇళ్లతో, వీధులతో అదొక ఊరులా పెరిగింది. ఊరు వెలేసిన మనుషులకు మళ్లీ ఒక ఊరు దొరికింది. మందు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

నూనె ఇంజెక్షన్ల రోజులు

అప్పుడున్న మందు చాల్‌మోగ్రా జాతి చెట్ల గింజల నూనె. తాగితే కడుపులో తిప్పేది, వాంతులయ్యేవి. తర్వాత దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలైంది. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఈ పద్ధతిని మెరుగుపరిచాడు, ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లిలో పట్టుదలగా అమలు చేసింది. నొప్పి పెట్టే సూదులు, నెలల తరబడి. మధ్యలో మానేయకుండా రోగిని కూర్చోబెట్టాలంటే డాక్టర్ మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం మందుల చీటీతో రాదు. రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడితే వస్తుంది.

జబ్బు తొలిదశలో వచ్చినవాళ్లలో కొందరికి మచ్చలు తగ్గాయి. నయమై ఇల్లు చేరేవాళ్లు కనబడటంతో, దాక్కున్నవాళ్లు బయటికి రావడం మొదలైంది. ఇతర ప్రాంతాల వైద్యులకు డిచ్‌పల్లి ఒక పాఠశాలైంది. 1923లో దంపతులిద్దరికీ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఇసబెల్ కన్నుమూసింది. కుష్ఠును నిజంగా జయించే డాప్సోన్ మాత్ర ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ రాలేదు. అంటే గట్టి మందు చేతిలో లేని రోజుల్లోనే ఆమె ఆ పని అంతా చేసింది.

ఇప్పుడు మీకు తెలియాల్సింది

నేడు కుష్ఠు పూర్తిగా నయమవుతుంది. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న బహుళ ఔషధ చికిత్సను మచ్చలు ఐదు వరకు ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు వాడాలి. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఇది వంశపారంపర్యం కాదు. చాలామందికి సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. చికిత్స మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు.

అయినా మన దేశంలో ఏటా లక్ష అటూ ఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ఒంటి మీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే, చెమట పట్టకపోతే, చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఆలస్యం చేయకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నలుగురికీ తెలుస్తుందని దాచుకుంటే నరాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న నరాన్ని మాత్రలు మునుపటిలా చేయలేవు.

మీ వీధిలో ఊరవతల ఎవరున్నారు?

కుష్ఠుకు మాత్ర వచ్చింది. ఒంటరితనానికి రాలేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది గుండె జబ్బు, పక్షవాతం, కుంగుబాటు, మతిమరుపు ముప్పును పెంచుతుంది.

ఇప్పుడు ఒకసారి హాలియాలో మీ వీధినే తలుచుకోండి. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే తాళం వేసుకుని లోపలే ఉండే ముసలాయన. భర్త పోయాక శుభకార్యాలకు పిలుపులు ఆగిపోయిన ఆమె. రైస్ మిల్లులో పనికి వేరే రాష్ట్రం నుంచి వచ్చి, భాష రాక ఎవరితోనూ మాట్లాడని కుర్రాడు. వీళ్లను ఎవరూ వెలివేయలేదు. పలకరించడమే మానేశాం. మనవాళ్లు కాదు, మన కులం కాదు, మన చర్చి కాదు, మన గుడి కాదు అనుకుంటూ గీసుకున్న గిరిలో మనకు హాయిగానే ఉంటుంది. గిరి అవతల ఉన్న మనిషికి ఉండదు.

మీరు ఆసుపత్రి కట్టనక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఒకే మనిషి తలుపు తట్టండి. ఏం కావాలని అడిగేకన్నా ఓ పది నిమిషాలు కూర్చుని, వాళ్లు చెప్పేది వినండి. బీపీ, షుగర్ మాత్రలు అయిపోయాయేమో కనుక్కోండి. పండుగ నాడు వంటకం పంపి ఊరుకోకుండా, భోజనానికి ఇంటికే పిలవండి. వాళ్ల చేత కూడా మీకు ఏదో ఒక పని చేయించుకోండి. తీసుకోవడమే తప్ప ఇచ్చే అవకాశం లేని మనిషికి తాను బరువన్న దిగులు పోదు. తిండి మానేసినా, బతకాలని లేదని అన్నా తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. వృద్ధుల సమస్యలకు 14567 ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఏం మాట్లాడాలో తోచదు. అయినా రెండోసారి వెళ్లండి. మీరు మళ్లీ వస్తారని అవతలి మనిషికి నమ్మకం కుదిరేది అప్పుడే.