ఎడ్మండ్ హేలీ

నేలపై నడచు బాటసారికి బాటలు కలవు, మైలురాళ్ళు కలవు, అడిగినచో త్రోవ చెప్పు మనుష్యులు కలరు. నడిసముద్రమున పోవు నావికునకు వీనిలో ఒక్కటియు లేదు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రములు, ఎల్లవేళల దిక్సూచి - ఇవియే అతనికి ఆధారములు. మబ్బు క్రమ్మినచో సూర్యుడును నక్షత్రములును కానరావు. అప్పుడు దిక్సూచి యొక్కటే మిగులును. ఆ దిక్సూచియే తప్పు చెప్పినచో ఓడ గతి ఏమగును? ఈ చిక్కును తీర్చుటకై ప్రాణములకు వెరవక, చిన్న ఓడలో మహాసముద్రములు తిరిగిన శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ. తోకచుక్క మూలమున ఆయన పేరు లోకమెల్ల ఎరుగును. కాని సముద్రపటముపై ఆయన గీసిన వంకర గీతల కథ ఎరిగినవారు కొందరే.

హేలీ 1656వ సంవత్సరము నవంబరు 8వ తేదీన లండను నగర సమీపమునందలి హాగర్‌స్టన్ అను చోట జన్మించెను. తండ్రి సబ్బుల వర్తకుడు, సంపన్నుడు. కుమారుని తెలివిని గుర్తించి, పేరుపొందిన సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివించెను. ఆకాశమును చూచుటకు కావలసిన పరికరములను కూడ కొని యిచ్చెను. తోటి బాలురు ఆటపాటలలో ప్రొద్దుపుచ్చుచుండగా హేలీ నక్షత్రముల స్థానములను కొలుచుచుండెను. విద్యార్థిగా ఉన్నప్పుడే, 1672లో, ఆయన మరియొక కొలతను కూడ తీసికొనెను. లండనులో దిక్సూచి సూది ఉత్తర దిక్కునుండి ఎంత తొలగియున్నదో పరీక్షించి, రెండున్నర డిగ్రీలు పడమటికి తొలగియున్నదని కనుగొనెను. ఆ చిన్న కొలతయే ఆయన జీవితమునందలి ఒక గొప్ప కార్యమునకు విత్తనమైనది.

దిక్సూచి సూది ఎల్లప్పుడును సరిగా ఉత్తరమునే చూపునని పలువురు తలతురు. అది నిజము కాదు. భూమి యొక్క అయస్కాంత ధ్రువములు వేరు. భూమి తిరుగు ఇరుసు యొక్క ధ్రువములు వేరు. అందువలన సూది కొన్నిచోట్ల తూర్పునకు, కొన్నిచోట్ల పడమటికి తొలగును. ఈ తొలగుటకే దిక్పాతమని పేరు. ఇది చోటును బట్టి మారుటయే గాక కాలమును బట్టి కూడ మారును. లండనులో 1580లో సూది పదునొకండు డిగ్రీలకు పైగా తూర్పునకు తొలగియుండెను. 1634లో అది నాలుగు డిగ్రీలకు తగ్గెను. హేలీ పుట్టిన నాటికి ఇంచుమించుగ సరిగా ఉత్తరమును చూపెను. పిదప పడమటికి తిరిగెను. ఈ లెక్క తెలియని నావికుడు సూదిని నమ్మి పోయినచో వందల మైళ్ళ ప్రయాణమున దారి తప్పి రాతిగుట్టలపై పడుట తథ్యము.

హేలీ 1673లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరెను. అక్కడ మూడేండ్లు చదివి, పట్టము పుచ్చుకొనకయే 1676లో దక్షిణ అట్లాంటిక్ సముద్రమునందలి సెయింట్ హెలినా ద్వీపమునకు ఓడనెక్కెను. యూరప్ ఖండమునకు కానరాని దక్షిణాకాశ నక్షత్రములను కొలుచుట ఆయన ఉద్దేశము. ఆ ద్వీపమున తరచు మబ్బులు క్రమ్ముచుండెను. అయినను ఓపికతో 341 నక్షత్రముల స్థానములను నిర్ణయించి స్వదేశమునకు మరలెను. 1678లో, ఇరువది రెండవ యేట, ఆయనకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

హేలీ హృదయము విశాలమైనది. 1684లో ఆయన కేంబ్రిడ్జికి పోయి న్యూటన్ మహాశయుని కలిసికొనెను. గ్రహములు సూర్యుని చుట్టు దీర్ఘవృత్తమున ఏల తిరుగునో న్యూటన్ అదివరకే లెక్కించి, ఆ కాగితములను ఎచ్చటనో పడవేసెనని ఆయనకు తెలిసెను. అట్టి విద్య మరుగున పడరాదని ఎంచి, న్యూటనును ప్రోత్సహించి గ్రంథము వ్రాయించెను. రాయల్ సొసైటీకి అచ్చు వేయించుటకు ధనము చాలకపోగా, హేలీ తన సొంత ధనమును వెచ్చించి 1687లో ప్రిన్సిపియా గ్రంథమును లోకమునకు అందించెను. ఇతరుల కీర్తిని చూచి సంతసించు గుణము విద్వాంసులలో సైతము అరుదు. హేలీకి అది సహజముగ అబ్బెను.

ఈ పనుల నడుమ కూడ దిక్సూచి విషయమును ఆయన మరువలేదు. నావికులు పలుచోట్ల తీసిన కొలతలను సేకరించి పరిశీలించెను. అవి అన్నియు అంకెల పట్టికలుగా ఉండెను. ఒక చోట ఒక కొలత, వేయిమైళ్ళ దూరమున మరియొక కొలత. ఒకటి ఈనాటిది, మరియొకటి ముప్పదియేండ్ల నాటిది. తీసినవారి నేర్పును సమానము కాదు. ఇట్టి చెదరిన అంకెలనుండి సముద్రమంతటి స్థితిని తెలిసికొనుట ఎట్లు? ఒకే మనుష్యుడు, ఒకే పరికరములతో, స్వల్పకాలమున సముద్రమును చుట్టి కొలతలు తీసిననే గాని ఇది సాధ్యము కాదని హేలీ గ్రహించెను. ఇంగ్లండు ప్రభుత్వము ఆయన కోరికను మన్నించి, పారమోర్ అను ఓడను కట్టించి, దానికి ఆయననే నాయకునిగా నియమించెను. నౌకాదళమున పెరుగని శాస్త్రవేత్తకు ఓడపై అధికారమిచ్చుట అపూర్వ విషయము.

పారమోర్ పొడవు ఏబది రెండు అడుగులు మాత్రమే. 1698వ సంవత్సరము అక్టోబరులో హేలీ ఆ చిన్న ఓడలో బయలుదేరెను. కష్టములు సముద్రమునుండి కాక తన మనుష్యులనుండియే మొదలయ్యెను. ఓడలోని ఉపనాయకుడు లోగడ వ్రాసిన యొక గ్రంథమును విద్వాంసులు మెచ్చలేదు. ఆ కోపమును మనసున పెట్టుకొని అతడు హేలీ ఆజ్ఞలను ధిక్కరించెను. సిబ్బంది యెదుట ఆయనను తూలనాడెను. హేలీ ఓర్చినంత ఓర్చి, తుదకు అతనిని గదిలో నిర్బంధించి, తానే ఓడను నడిపి 1699లో క్షేమముగ ఇంగ్లండు చేర్చెను. ఇతనికి ఓడ నడుపుట చేతకాదని హేళన చేసినవారికి అదియే తగిన సమాధానమైనది.

అదే సంవత్సరము సెప్టెంబరులో ఆయన మరల బయలుదేరెను. ప్రయాణారంభముననే ఒక విషాదము సంభవించెను. ఓడలో పనిచేయు ఒక బాలుడు సముద్రమున పడి మునిగిపోయెను. హేలీ మిక్కిలి దుఃఖించెను. ఆ బాధ ఆయనను తుదివరకు విడువలేదని చెప్పుదురు. అయినను చేపట్టిన పని ఆగలేదు. ఓడ దక్షిణముగ, ఇంకను దక్షిణముగ సాగి ఏబది రెండవ అక్షాంశమును దాటెను. 1700వ సంవత్సరము ఫిబ్రవరి మొదట నావికులకు ఎదుట తెల్లని ద్వీపములు కనిపించెను. వాని శిఖరములు బల్లపరుపుగ నుండెను. దగ్గరకు పోయి చూడగా అవి నేల కావు. సముద్రమున తేలు మంచుకొండలు! అంతలో దట్టమైన పొగమంచు క్రమ్మెను. ఏ క్షణమున ఏ కొండ ఓడకు తగులునో తెలియదు. తగిలినచో ఆ మంచునీటిలో ఆదుకొనువారెవ్వరును లేరు. హేలీ ధైర్యముతో ఓడను మళ్ళించి ఆ గండమును దాటించెను. తిరుగు ప్రయాణమున న్యూఫౌండ్‌లాండు తీరమున చేపలుపట్టువారు వీరిని సముద్రపు దొంగలని భ్రమించి తుపాకులు కాల్చిరి. దైవవశమున ఎవ్వరికిని అపాయము కలుగలేదు.

ఇన్ని యిక్కట్లలోను హేలీ తన కొలతలను మానలేదు. ఆకాశము తెరపి యిచ్చినప్పుడెల్ల ఉదయించు సూర్యుడు, అస్తమించు సూర్యుడు దిక్సూచిపై ఏ డిగ్రీల చెంత కానవచ్చునో గుర్తించుచుండెను. ఉదయాస్తమయ స్థానములు ఉత్తరదక్షిణ రేఖకు ఇరువైపుల ఇంచుమించు సమదూరముననే యుండును. కావున ఆ రెంటికి నడిమి దిక్కే నిజమైన ఉత్తరదక్షిణ రేఖ. సూది దానినుండి ఎంత తొలగియున్నదో చూచినచో దిక్పాతము తేలును. ఇట్లు ప్రతి చోటను అక్షాంశ రేఖాంశములతో కూడ ఆ కొలతను వ్రాసికొనెను.

ఇంటికి చేరిన పిదప అసలు సమస్య ఎదురయ్యెను. పటముపై కొలతలను గుర్తించగా, సముద్రమంతయు అచ్చటచ్చట అంకెలు చల్లినట్లుండెను. ఓడ పోయిన దారివెంట అవి దగ్గరగ నున్నవి. దారికి దూరమున ఏమియు లేవు. తుఫానులో చిక్కిన నావికుడు ఈ అంకెలను చదివి లెక్కలు వేసికొనజాలడు. ఒక్క చూపున తెలియవలెను. అప్పుడు హేలీకి తోచిన ఉపాయము మిక్కిలి సులభమైనది; మిక్కిలి గొప్పది. దిక్పాతము సమానముగ నున్న చోట్లనన్నిటిని ఒకే గీతతో కలుపుటయే ఆ ఉపాయము.

ఇట్టి రేఖలను గీయు విధానమును ఒక ఉదాహరణముచే తెలిసికొనవచ్చును. ఒక చోట దిక్పాతము 4 డిగ్రీలు, దానికి 200 మైళ్ళ దూరమున మరియొక చోట 8 డిగ్రీలు ఉన్నదనుకొనుడు. ఈ నడుమ దిక్పాతము క్రమముగ పెరుగునని భావించినచో, 5 డిగ్రీల స్థానము మొదటి చోటునుండి 50 మైళ్ళ దూరమున, 6 డిగ్రీల స్థానము సరిగా నడుమ, 7 డిగ్రీల స్థానము 150 మైళ్ళ దూరమున ఉండవలెను. ఇట్లే ప్రతి రెండు కొలతల నడుమ 5 డిగ్రీల స్థానములను గుర్తించి, వానిని నునుపైన వంపుగీతతో కలిపినచో 5 డిగ్రీల రేఖ యేర్పడును. ఇందు కొన్ని నియమములు కలవు. ఒకే చోట రెండు విలువలుండజాలవు గనుక 5 డిగ్రీల రేఖ 6 డిగ్రీల రేఖను ఖండింపరాదు. ఏదేని యొక కొలత చుట్టునున్న కొలతలకు పొందిక లేకున్నచో దానిని మరల పరీక్షింపవలెను. కొలతలే లేని చోట రేఖ గీయరాదు.

1701లో హేలీ అట్లాంటిక్ సముద్రపటము ప్రకటింపబడెను. ఇట్టి సమాన విలువల రేఖలతో అచ్చుపడి వెలువడిన పటములలో ఇదియే మొదటిదిగా ప్రసిద్ధికెక్కినది. మరుసటి యేట ఇతర నావికుల కొలతలను కూడ చేర్చి హిందూ మహాసముద్రమును కూడ చూపు ప్రపంచపటమును వెలువరించెను. అందు పసిఫిక్ సముద్రమున మాత్రము రేఖలు లేవు. అక్కడ నమ్మదగిన కొలతలు ఆయనకు దొరకలేదు. ఊహతో నాలుగు గీతలు గీచి పటమును నిండుగ చూపుట కష్టమైన పని కాదు. కాని ఆ గీతలను నమ్మి ఓడలు నడుచును. ఆ ఓడలలో మనుష్యులుందురు. అందుచేత హేలీ తెలియని చోటును తెల్లగానే విడిచెను. దిక్పాతము కాలక్రమమున మారును గనుక పటమును కూడ ముందుముందు సవరింపవలసి యుండునని తానే హెచ్చరించెను. ఆయన మరణానంతరము ఇతరులు క్రొత్త కొలతలతో దానిని సవరించి, 1756లో మరల ప్రకటించిరి.

చెదరిన అంకెలలో దాగిన క్రమమును కనుగొను ఈ నేర్పే తోకచుక్కల విషయమునను హేలీకి తోడ్పడెను. 1531, 1607, 1682 సంవత్సరములలో కనిపించిన తోకచుక్కల మార్గములను సరిపోల్చి, అవి మూడును ఒక్కటియే యని 1705లో తెలిపెను. అది 1758లో మరల వచ్చునని చెప్పెను. 1720లో ఆయన గ్రీనిచ్ వేధశాలకు రాజ ఖగోళశాస్త్రజ్ఞుడుగా నియమింపబడెను. అప్పటికి ఆయన వయస్సు అరువది దాటెను. చంద్రుని గతిని తెలిసికొనుటకు పదునెనిమిదేండ్లు ఎడతెగక పరిశీలింపవలసియుండగా, ఆ వయస్సున దానిని మొదలుపెట్టి పూర్తిచేసెను. 1742వ సంవత్సరము జనవరిలో, ఎనుబది యైదేండ్ల వయస్సున, ఆయన కీర్తిశేషుడయ్యెను. 1758వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీ రాత్రి జర్మనీ దేశమున ఒక రైతు ఆకాశమును పరికించుచుండగా ఆ తోకచుక్క కనిపించెను. చెప్పినవాడు లేడు; చెప్పిన మాట నిలిచెను. అది 1986లో మరల వచ్చినది, 2061లో రానున్నది.

ఆయన గీతలు కూడ అట్లే నిలిచినవి. 1778లో హటన్ అను గణితవేత్త ఒక కొండపై సమానమైన యెత్తుగల చోట్లను రేఖలతో కలిపెను. 1817లో హంబోల్టు పండితుడు సమానమైన వేడిమిగల చోట్లను కలిపెను. నేడు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు విశాఖపట్టణము, మచిలీపట్నము మొదలగు చోట్ల తీసిన వాయుభారపు కొలతలను పటముపై గుర్తించి, సమభార రేఖలను గీసి, తుఫాను జాడను తెలిసికొందురు. చెదరియున్న స్థానములను త్రిభుజములుగ కలిపి ఇట్టి రేఖలను క్షణములో గీయు కంప్యూటర్లు నేడు వచ్చినవి. యంత్రము మారినను నియమము మారలేదు. తీసిన కొలత సత్యమైనదిగ నుండవలెను. కొలత లేనిచోట తెలియదని ఒప్పుకొనవలెను. పటమున తెల్లగా విడిచిన ఆ పసిఫిక్ సముద్రము, గీసిన గీతలవలెనే, హేలీ గొప్పతనమునకు సాక్షిగా నిలిచియున్నది.