జొన్నచేల అక్కలకు జేజేలు

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల మహిళా రైతు సంఘాలకు శుభాభినందనలు! 1983లో పస్తాపూర్ కేంద్రంగా మీ సంఘాలకు తోడుగా నిలిచిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అంకురించింది. 2023తో దానికి నలభై వసంతాలు నిండాయి. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాదే ఈ పండుగ రావడం ఆనందం మీద ఆనందం. కొర్రలు, సామలు ఇప్పుడు నగరాల్లో ఖరీదైన తిండి అయ్యాయి. అవి ఎవరికీ పట్టని రోజుల్లో విత్తనం పోకుండా కాచిన చేతులు మీవి. ఆ చేతులకు ముందుగా మా నమస్సులు.

అప్పటి మెదక్ జిల్లాలోని ఈ నేల వాన కరుణిస్తేనే పండేది. మీలో చాలామందివి దళిత కుటుంబాలు. ఉన్నవారికి రాళ్లూరప్పల ఎకరమో అరెకరమో, లేనివారికి ఒకరి చేలో కూలి. పగలంతా పనిచేసి, రాత్రి వేళ సంఘంగా కూర్చుని, గుప్పెడు గుప్పెడు కూడబెట్టి, బీళ్లను చేలుగా మార్చిన ఘనత మీది. మీతో కలిసి నడిచిన పాత్రికేయుడు, సంస్థ సహ వ్యవస్థాపకుడు పి.వి. సతీష్ ఆ సంస్థకు నలభై నిండిన ఏటనే, 2023 మార్చిలో కన్నుమూశారు. ఈ సంబరంలో ఆయన లేని లోటు మనందరిదీ. ఆయన నమ్మిన దారి మాత్రం మీ అడుగుల్లో సాగుతూనే ఉంది.

1990ల నడుమ మీరు చేపట్టిన ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ ఆహార భద్రత చరిత్రలో బంగారు ఘట్టం. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తోడ్పాటుతో బీడు దున్నడానికి, ఎరువు తోలడానికి, కలుపు తీయడానికి రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును రూపాయల్లో కాక జొన్నల్లో తీర్చమన్నారు. అలా వచ్చిన గింజలతో ఊరి ధాన్యపు నిధి నిండింది. ఇక పంచడం ఎవరికి? రంగు పొడులతో నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇంటి పొయ్యి ఏ నెలలో వెలగదో ఊరంతా కూర్చుని తేల్చారు. ఎక్కువ ఆకలి ఉన్న ఇంటికి ఎక్కువ గింజలు, అదీ చౌక ధరకు. ఎక్కడి నుంచో లారీలో వచ్చే బియ్యం కోసం ఎదురుచూడకుండా, ఊరి జొన్నతో ఊరి కడుపు నింపారు.

మీ చేను చూడ ముచ్చట. జొన్న సాళ్ల మధ్య కంది, కంది పక్కన అనుము, బెబ్బెర, గట్టున పుంటికూర. ఒకే చేలో ఇరవై రకాల పంటలు! ఒకటి ఎండినా ఇంకొకటి చేతికొస్తుంది. చలికాలంలో నల్లరేగడిలోని పదునుతో, మంచుతో పండే సెనగ, కుసుమలను మీరు ‘సత్యం పంటలు’ అంటారు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన విత్తనం అడిగినవారికి అందుతుంది. కోతలయ్యాక తీసుకున్నదానికి కొంత చేర్చి తిరిగివ్వడమే దాని వడ్డీ.

అంతర్జాతీయ సంస్థలు మీ గడప తొక్కింది ఈ పని చూసే. యునెస్కో తోడ్పాటుతో 1990ల చివర మాచ్‌నూర్‌లో రేడియో కేంద్రం సిద్ధమైంది. అనుమతి రాలేదని మీరు చేతులు ముడుచుకోలేదు. కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్ 15న ‘సంఘం రేడియో’ గాలిలోకి లేచినప్పుడు మీ మాటే, మీ యాసే ఇంటింటా మోగింది. అక్షరం రాని అక్కలు కెమెరా భుజానికెత్తుకుని వరంగల్ పత్తి రైతుల గోడు చిత్రించారు. 2001లో అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’కు బ్రిటన్ పరిశోధన సంస్థలు భాగస్వాములైతే, వ్యవసాయం ఎటు సాగాలో చెప్పిన పంచాయితీ పెద్దలు మాత్రం చిన్న రైతులే. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఆధ్వర్యంలోని ఈక్వేటర్ బహుమతి మిమ్మల్ని వరించినప్పుడు తెలుగు నేల యావత్తూ గర్వించింది.

ఇన్ని చేతులు కలిసినా ఈ పొత్తు చెడలేదంటే కారణం ఒక్కటే. సాయం ఎవరిదైనా ధాన్యపు కొట్టు తాళంచెవి సంఘం కొంగునే ఉంది. ఏ విత్తనం వేయాలో, ఏ ఇంటికి ఎన్ని గింజలు కొలవాలో, రేడియోలో ఏ పాట పాడాలో మీరే నిర్ణయించారు. వచ్చినవారూ ఆ మాట మన్నించారు. దేశ విదేశాల్లో రైతు సంఘాలతో కలిసి నడవాలనుకునే ప్రతి సంస్థకూ ఇది ఆచరించి చూపిన పాఠం.

ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలతో కదిలే మీ పాత పంటల జాతర ఊరూరా ఇలాగే సాగాలి. మీ మనవరాళ్లు చేతినిండా విత్తనంతో, నోటినిండా పాటతో ఆ బండ్లెక్కాలి. మీ రొట్టె రుచి రేషన్ దుకాణానికీ, బడిపిల్లల పళ్లేనికీ చేరాలి. నలభై ఏళ్లు కరువును ఎదిరించినవారు నూరేళ్ల పండుగా చేసుకుంటారని మా గట్టి నమ్మకం. మీ చేలు పచ్చగా, మీ గాదెలు నిండుగా, మీ సంఘాలు కలకాలం చల్లగా వర్ధిల్లాలి. శుభమస్తు!