8080 నంబరు కాగితం

మా కంకిపాడులో చేపల పెట్టెల్లో ఐసు కొట్టి పోస్తుంటే నాకు జాన్ గోరీ గుర్తొస్తాడు. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో డాక్టరాయన. జ్వరాలోళ్ల గది చల్లబడాలంటే ఉత్తరాది చెరువుల మంచు ఓడలో రావాల్సిందే. ఓడ రాకపోతే? అందుకే మిషను కట్టాడు. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడిని నీళ్లతో తీసేసి వదిలితే, అది చల్లబడి నీళ్లని గడ్డ కట్టిస్తది. 1851 మే 6న 8080 నంబరు పేటెంటు వచ్చింది. పెట్టుబడి పెట్టినాయన చనిపోయాడు, జనం ఎగతాళి చేశారు. 1855లో అన్నీ పోగొట్టుకుని కన్నుమూశాడు.

ఆ కాగితం ఉంది కాబట్టే ఆ పని ఆయనదని ఈరోజు నేను చెప్పగలుగుతున్నా. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన షెడ్లలో కూలర్లకీ మోటార్లకీ కొత్త ఉపాయం కనిపెట్టే మెకానిక్కుల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి? మనకి పేటెంటు ఆఫీసు చెన్నైలో ఉంది. మనిషి పోతాడు, కాగితం ఉంటది. రాయించుకోండి.